అసలు సిబ్బందిని గుర్తుపట్టడం ఎలా

ఆండాళ్ళమ్మ గారి ఇంట్లో కరెంటు మీటరు ఎత్తుకుపోయిన కుర్రవాణ్ణి దొంగ అనడానికి ఆవిడకు ఇప్పటికీ నోరు రాదు.

చెప్పిన వేళకు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో ఫోటో ఉన్న గుర్తింపు కార్డు. గుమ్మంలో చెప్పులు విప్పి, కాళ్ళు తుడుచుకుని మరీ లోపలికి వచ్చాడు. "మీ మీటరు వేడెక్కిపోతోందమ్మా. ఒక్కరే ఉంటారు, ఎందుకొచ్చిన ప్రమాదం" అని ఆవిడ కంటే ఎక్కువ కంగారుపడ్డాడు. కొత్త మీటరుకు డబ్బు పుచ్చుకుని, ముద్ర కొట్టిన రసీదు చేతిలో పెట్టి, పాతది విప్పి తువ్వాలులో చుట్టుకుని, కొత్తది తెస్తానని వెళ్ళాడు. పోతూ పోతూ, కుక్కలు దూరతాయని గేటు కూడా వేసి వెళ్ళాడు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన ఆండాళ్ళమ్మ గారు సాయంత్రం దాకా ఎదురుచూసి, ఆనక కొత్తరేవు కరెంటాఫీసు మెట్లెక్కారు.

డివిజనల్ ఇంజనీరు విశ్వంభరరావు గారు ఆ ఊరి కరెంటుకు పెద్దదిక్కు. ఆవిడ చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నారు.

"అమ్మా, తమరు నలుగురికి చదువు చెప్పినవారు" అన్నారు. "మనిషి చెప్పిన వేళకు వచ్చాడు. చెప్పులు విప్పాడు. రసీదు కూడా ఇచ్చాడంటున్నారు. ఇంత జరిగినా మా శాఖవాడు కాడని తమకు అనుమానం రాలేదా?"

ఆండాళ్ళమ్మ గారు కాసేపు ఆలోచించారు. ఆవిడ న్యాయంగల మనిషి. "రావాల్సిందేనండి. నాదే పొరపాటు" అని ఒప్పుకున్నారు.

విశ్వంభరరావు గారికి ఆ రోజంతా ఆవిడ మాటలే చెవిలో తిరిగాయి. చదువుకున్నవాళ్ళకే తెలియకపోతే తక్కిన ప్రజానీకం గతేమిటని బాధపడ్డారు. వారం తిరక్కుండా ఊళ్ళో ప్రతి స్తంభానికీ ఒక ప్రకటన అంటించారు. దాని పేరు 'అసలు సిబ్బందిని గుర్తుపట్టడం ఎలా?'

"ఇందుమూలముగా యావన్మంది వినియోగదారులకు తెలియపరచునది ఏమనగా, మా సిబ్బందికి గుర్తింపు కార్డులు ఇంతవరకు మంజూరు కాలేదు కావున, కార్డు చూపువారిని నకిలీలుగా భావించవలెను. పిలిచిన వెంటనే వచ్చుట మా శాఖ ఆనవాయితీ కాదు. పాదరక్షలు విప్పుట, కుశలప్రశ్నలు వేయుట, రసీదు ఇచ్చుట, చేపట్టిన పనిని మొదటిసారికే పూర్తిచేయుట మొదలగు అనుమానాస్పద ప్రవర్తన కలవారిని తక్షణమే నిర్బంధించి, కార్యాలయమునకు కబురు చేయవలెను."

ప్రకటనను జనం మెచ్చుకున్నారు. చదివినవాళ్ళందరికీ, అవును, మన కరెంటువాళ్ళు అచ్చం ఇలాగే ఉంటారు అనిపించింది. ఇబ్బంది వచ్చిందల్లా గవర్రాజుకు.

గవర్రాజు కాంట్రాక్టు లైన్‌మన్. కరెంటు పనిలోకి రాకముందు బజారులో పట్టుచీరల కొట్లో చేశాడు. పరుపు మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, వచ్చిన ఆడవాళ్ళకు చీరలు విప్పి చూపించే పని. కొట్టు మూతపడి స్తంభాలెక్కడం మొదలెట్టాడు గానీ, నోటికి పట్టిన అలవాటు మాత్రం పోలేదు. ఎవరింటికి వెళ్ళినా ఆ ఇంటివాళ్ళనే "రండమ్మా, కూర్చోండి, మంచినీళ్ళు తాగుతారా" అని అడుగుతాడు. వైరు మార్చాలంటే చుట్ట విప్పి రెండు చేతుల మీదా పరిచి, "ఇది చూడండమ్మా, గట్టి సరుకు. నచ్చకపోతే ఇంకో రకం చూపిస్తాను. చూడ్డానికేం పోయిందండి, చూడండి" అంటాడు. తన మర్యాద మీద అతనికి కాస్త గర్వం కూడా ఉంది. లైన్ మీద తనలా మాట్లాడేవాడు జిల్లాలో లేడని భార్య మంగతాయారుతో చాలాసార్లు అన్నాడు.

మంగతాయారుకు మర్యాదతో పనిలేదు. ఆమెకు కావలసింది ఒక్కటే, మొగుడు పర్మినెంటు కావడం. పోయిన వానాకాలం ఇంకో కాంట్రాక్టు కుర్రాడు స్తంభం మీంచి పడి నడుం విరగ్గొట్టుకుంటే, ఆఫీసువాళ్ళు ఆస్పత్రికి వచ్చి చూసి, వీడు మా మనిషి కాడని చెప్పి వెళ్ళిపోయారు. ఆ కుర్రాడి పెళ్ళాం ముఖం మంగతాయారు మరిచిపోలేకపోయింది. గవర్రాజు నిచ్చెన భుజాన వేసుకుని బయల్దేరిన ప్రతిసారీ ఆమెకు ఆ ముఖమే గుర్తొచ్చి గుండె దడదడలాడేది. ఇన్నేళ్ళకు పర్మినెంటు చేసేవాళ్ళ వరసలో గవర్రాజు పేరు పైకి వచ్చింది. ఇక డీఈ విశ్వంభరరావు గారి సంతకమే తరువాయి.

సరిగ్గా అప్పుడే, ఆండాళ్ళమ్మ గారింట్లో కొత్త మీటరు పెట్టి రమ్మని గవర్రాజును పంపించారు.

పంపించిన వెంటనే వెళ్ళాడు. అది మొదటి తప్పు. గుమ్మంలో చెప్పులు విప్పాడు. "రండమ్మా, కూర్చోండి. మీకు మీటరు చూపిస్తాను" అన్నాడు.

ఆండాళ్ళమ్మ గారు ఈసారి మోసపోలేదు. "కూర్చుంటా గానీ నాయనా, ఆ మెట్ల కింద గదిలో పాత ఫ్యూజు ఉంది, కాస్త చూసి పెడతావా" అన్నారు. గవర్రాజు లోపలికి వెళ్ళి, చీకట్లో తడుముకుంటూ, "ఏ వైపునుందండమ్మా?" అని అడిగే సరికి వెనకనుంచి గడియ పడింది.

"ఆయ్, నేను మన కరెంటాఫీసు మనిషినేనండమ్మా" అన్నాడు గవర్రాజు లోపల్నుంచి.

"మన ఆఫీసు మనిషివైతే అమ్మా అంటావా?" అన్నారు ఆండాళ్ళమ్మ గారు.

ఆవిడ ఆఫీసుకు ఫోను చేశారు. గుర్తుపట్టడానికి లైన్ ఇన్‌స్పెక్టర్ సింహాచలం గారిని పంపుతామన్నారు. సింహాచలం ఆ రోజు రాలేదు. ఆండాళ్ళమ్మ గారు గది కిటికీ ఊచల సందులోంచి గవర్రాజుకు ఉప్మా అందించారు, అతను అక్కణ్ణుంచే "మీరు తిన్నారాండి?" అని అడిగి తన నేరాన్ని ఇంకాస్త రుజువు చేసుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం దాటాక సింహాచలం వచ్చాడు. బూట్లతో హాల్లోకి నడిచి, ఫ్యాను లేదేంటని విసుక్కుని, గదిలోకి తొంగిచూసి, "మావాడే" అన్నాడు.

"మీరు ఆఫీసువారేనని నాకెలా తెలుస్తుందండి?" అన్నారు ఆండాళ్ళమ్మ గారు.

"తెలిస్తే తెలిసింది, లేకపోతే లేదు. నాకు వేరే పన్లున్నాయి" అన్నాడు సింహాచలం.

ఆవిడ వెంటనే గడియ తీసి, ఆయనకు కుర్చీ వేసి, కాఫీ ఇచ్చారు. మీటరు మాత్రం పెట్టలేదు. పెట్టడానికి వచ్చినవాడి మీద విచారణ తేలేవరకూ పెట్టకూడదట.

విచారణలో విశ్వంభరరావు గారు కఠినంగా మాట్లాడలేదు. బాధగా మాట్లాడారు.

"గవర్రాజూ, నీ వల్ల ఒక వయోవృద్ధురాలు భయభ్రాంతులకు లోనైనట్టు నివేదిక వచ్చింది. శాఖ తాలూకు విశ్వసనీయతకు నువ్వు భంగం కలిగించావు. నువ్వు మావాడివని ఏ ప్రాతిపదికన ధ్రువీకరించమంటావు?"

"ఇన్నేళ్ళబట్టి మీ దగ్గరే చేస్తన్నాను కదండి."

"చేస్తున్నావని నువ్వంటున్నావు. ప్రవర్తనలో అలాంటి దాఖలా ఏమీ కనబడ్డం లేదు. ప్రత్యక్ష క్షేత్ర పరిశీలన జరుపుతాం. అందులో అసలువాడివని తేలితే పర్మినెంటు ఉత్తర్వు మీద సంతకం పెడతాను. తేలకపోతే ఆపైన నేను చెయ్యగలిగిందేమీ లేదు."

తరిఫీదు ఇచ్చే బాధ్యత సింహాచలానికి అప్పగించారు. ఆయన ఆఫీసు వెనక చెట్టు నీడన కుర్చీ వేయించుకుని, గవర్రాజును ఎండలో నిలబెట్టి పాఠం చెప్పాడు.

"మొట్టమొదట మనిషి వంక చూడకూడదు. స్తంభం వంక చూడు. వాళ్ళేదో చెబుతూంటారు, చెప్పనీ. చివర్న ఒక్కటే అడుగుతారు, కరెంటు ఎప్పుడొస్తుందని. అప్పుడేమంటావు?"

"ఇప్పుడే వచ్చేస్తుందండమ్మా, ఒక్క క్షణం ఓపిక పట్టండి."

"చూద్దాం, అనాలి."

"చూద్దామండి."

"అండి లేదు."

గవర్రాజు కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, "చూద్దాం" అన్నాడు. అన్నవాడల్లా వెంటనే, "తప్పుగా అనుకోకండేం" అని కలిపాడు. సింహాచలం తల పట్టుకున్నాడు.

ఇంటికెళ్ళి మంగతాయారు మీద సాధన చేశాడు. ఆమె అన్నం వడ్డించి "పులుసు వెయ్యనా" అంటే, గోడ వంక చూస్తూ "చూద్దాం" అన్నాడు. రెండోసారి అడిగితే "నాకు వేరే పన్లున్నాయి" అన్నాడు. ఆమె కంచం తీసుకెళ్ళి లోపల పెట్టేసింది. అయితే కోపంతో కాదు, సంతోషంతో. "ఇప్పుడు కాస్త గవర్నమెంటు మనిషిలా ఉన్నావు. రేపు ఇలాగే ఉండు" అంది. గవర్రాజు ఆకలితో పడుకున్నాడు.

ఈలోగా ఊళ్ళో ఇంకో సంగతి జరుగుతోంది. స్తంభాలకంటించిన ప్రకటన అందరూ చదివారన్నాం కదా. అందరిలో మోసగాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకు ఇంత వివరంగా వృత్తి మెళకువలు నేర్పినవాళ్ళు అంతకుముందు లేరు. ఇస్త్రీ చొక్కాలు మానేశారు, కార్డులు తీసేశారు. మాసిన బట్టలతో మిట్టమధ్యాహ్నం నిద్రవేళ వచ్చి, తలుపు దబదబా బాది, "మీటరు మార్చాలి, డబ్బియ్యండి, రసీదు గిసీదు లేదు" అని గదమాయించడం మొదలెట్టారు. జనం నమ్మకంగా లేచి ఇచ్చేవారు. వాళ్ళను చూసి నీళ్ళ ఫిల్టర్లు అమ్మేవాళ్ళూ, గ్యాసు పొయ్యికి పైపు మారుస్తామని వచ్చేవాళ్ళూ కూడా పద్ధతి మార్చారు. పూర్వం "ఒక్క నిమిషం టైమివ్వండి మేడమ్" అని గుమ్మం పట్టుకు వేలాడినవాళ్ళే, ఇప్పుడు "ఫిల్టరు తీసుకుంటావా, కుళాయి కట్ చెయ్యమంటావా" అంటున్నారు. ఫిల్టర్లు ఎప్పుడూ లేనంతగా అమ్ముడుపోయాయి.

క్షేత్ర పరిశీలన కూడా ఆండాళ్ళమ్మ గారింట్లోనే పెట్టారు. మీటరు ఎలాగూ పెట్టాలి గనక. విశ్వంభరరావు గారూ సింహాచలమూ వంటింటి తలుపు వెనక కుర్చీలేసుక్కూర్చున్నారు. గవర్రాజు వాళ్ళు చెప్పినట్టే రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు. చెప్పులతో లోపలికి అడుగుపెట్టాడు. "ఏదీ మీటరు?" అన్నాడు, స్తంభం కనబడక దూలం వంక చూస్తూ. తలుపు వెనక సింహాచలం తృప్తిగా తలాడించాడు.

ఆండాళ్ళమ్మ గారు కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు. కరెంటు లేక ఇన్నాళ్ళుగా ఆ ఉక్కలోనే ఉన్నారు. ముఖం వాడిపోయి ఉంది, చేతిలో విసనకర్ర ఒళ్ళో పడిపోయి ఉంది. గవర్రాజు దూలం మీంచి చూపు దించి ఆవిణ్ణి చూశాడు. ఇక అతని వల్ల కాలేదు.

చెప్పులు విప్పి బయట పెట్టాడు. కుండలో నీళ్ళు ముంచి తెచ్చి, "తాగండమ్మా" అన్నాడు. విసనకర్ర తీసి నాలుగు విసుర్లు విసిరాడు. "ఇప్పుడే అయిపోతుందండి, మీరు లేవకండి" అని చెప్పి మీటరు పెట్టి, ఫ్యూజు వేసి, మీట నొక్కాడు. నెత్తిమీద ఫ్యాను తిరిగింది. ఆండాళ్ళమ్మ గారు కళ్ళు తెరిచి, చల్లగాలికి ప్రాణం లేచొచ్చి, "నువ్వు ఎవరివైతేనేం నాయనా" అన్నారు.

తలుపు వెనకనుంచి డీఈ గారు బయటికి వచ్చారు. "మొదటిసారికే పూర్తిచేశాడు. రాసుకోండి" అని సింహాచలానికి చెప్పారు.

మర్నాటికి స్తంభాల మీద కొత్త కాగితం వెలిసింది. "ఈ దిగువ ఫోటోలోని గవర్రాజు అను వ్యక్తి నకిలీ అని శాఖాపరమైన పరిశీలనలో నిర్ధారణ అయినది. ఇతడు పిలిచిన వెంటనే వచ్చును. మర్యాదగా మాట్లాడును. ఈ నంబరు నుండి ఫోను వచ్చినచో అప్రమత్తులు కావలెను" అని కింద అతని నంబరు కూడా వేశారు. దానితోపాటే, అసలువాళ్ళకూ నకిలీలకూ తేడా తెలియకుండా పోయిందని ఫిర్యాదులు వస్తున్నందున, ఇంకో ప్రకటన కూడా అంటించారు. ఇకమీదట శాఖ సిబ్బంది ఎవరింటికీ ఎట్టి పరిస్థితిలోనూ రారు. వచ్చినవాడు ఎవడైనా నకిలీయే. నకిలీ చేత పని చేయించుకొన్నవారు కూడా శిక్షార్హులు. ఈ ప్రకటన వెలువడ్డాక నకిలీల సమస్య శాఖాపరంగా సంపూర్ణంగా పరిష్కారమైనట్టు ప్రకటించి పైఆఫీసు వారు విశ్వంభరరావు గారికి శాలువా కప్పారు.

మంగతాయారు ఆ కాగితం చూసి వచ్చి ఏడ్చింది. "రేపు నువ్వు పడితే, మా మనిషి కాదని చెప్పడానికి వాళ్ళు ఆస్పత్రి దాకా కూడా రానక్కర్లేదు. ముందే అంటించేశారు" అంది. గవర్రాజు ఆమె పక్కన కూర్చున్నాడు. సిగ్గుగా ఉంది, భయంగా కూడా ఉంది.

అప్పుడే ఫోను మోగింది.

"నకిలీ గవర్రాజు గారేనాండి?" అంది అవతలి గొంతు. "మా వీధి స్తంభం మీద మీ నంబరు చూశానండి. పిలిచిన వెంటనే వస్తారని రాశారు, నిజమేనాండి? మా వీధిలో నిన్నట్నుంచి కరెంటు లేదు."

ఆ రోజునుంచీ గవర్రాజుకు తీరిక లేదు. ఆఫీసువాళ్ళు రారు, మోసగాళ్ళు వచ్చినా పని తెలియదు, ఇక ఊరికి మిగిలింది ధ్రువీకరించబడిన ఒక్క నకిలీ. ఇళ్ళలో పిల్లలు కూడా, "అమ్మా, ఫ్యాను ఆగింది, నకిలీ మావయ్యని పిలు" అనేవారు.

ఇలా ఉండగా, డీఈ గారి అమ్మాయికి పెళ్ళిచూపులు కుదిరాయి. కుర్రవాడి తరఫువాళ్ళు వచ్చి కూర్చుని, ఇంకా పలకరింపులు కూడా పూర్తికాకుండా ఇంట్లో కరెంటు పోయింది. విశ్వంభరరావు గారు పక్కగదిలోకి వెళ్ళి సింహాచలానికి ఫోను చేశారు.

"వస్తే నకిలీ అయిపోతాను సార్" అన్నాడు సింహాచలం వినయంగా. "మీ ఉత్తర్వే కదా సార్."

డీఈ గారు ఆఫీసులో ఒక్కొక్కరికీ చేశారు. అందరూ ఉత్తర్వును అక్షరాలా పాటిస్తున్నారు. ఒక్కరూ కదల్లేదు. పట్టుపంచెల్లో పెళ్ళివారు చెమటలు కక్కుతున్నారు. ఆయన భార్య ఇక ఆగలేక వీధిలోకి వెళ్ళి, తమ గేటు పక్క స్తంభం మీద ఉన్న నంబరు చూసి గవర్రాజును పిలిచింది.

గవర్రాజు వచ్చాడు. చెప్పులు విప్పాడు. పెళ్ళివారికి నమస్కారం పెట్టి "రండి, కూర్చోండి" అన్నాడు, వాళ్ళు అప్పటికే కూర్చుని ఉన్నా. కాసేపట్లో కరెంటు వచ్చింది. పెళ్ళికొడుకు తండ్రి ముచ్చటపడి, "మీ సిబ్బంది ఇంత మర్యాదస్తులని తెలీదు బావగారూ. ఈయన మీ ఆఫీసేనా?" అని అడిగాడు.

విశ్వంభరరావు గారు గేటు వంక చూశారు. కాదంటే, నకిలీ చేత పని చేయించుకున్నందుకు తన ఉత్తర్వు ప్రకారం తానే శిక్షార్హుడు. గేటు దగ్గర ఇరుగుపొరుగు చూస్తున్నారు.

"మావాడే" అన్నారు. "పర్మినెంటు."

అని ఊరుకుంటే సరిపోదు గనక, ఆ సాయంత్రమే ఆఫీసు తెరిపించి, గవర్రాజు మొదటినుంచీ అసలువాడేననీ, మధ్యలో నకిలీ అని తేలడం పొరపాటున జరిగిందనీ రాసి, ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. మంగతాయారు దాన్ని పటం కట్టించి దేవుడి గూట్లో పెట్టింది. వాడంతా మిఠాయి పంచింది. ఆ పూట ఆమె గుండె దడ పూర్తిగా తగ్గి హాయిగా పడుకుంది.

మర్నాడు ఆఫీసులో గవర్రాజుకు ఒక కుర్చీ చూపించారు, పైన ఫ్యానుతో సహా. చాలాసేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి ఫోను మోగింది.

"గవర్రాజూ, నేను నాయనా, ఆండాళ్ళమ్మని. ఫ్యాను ఆగిపోయింది. చాలా ఉక్కగా ఉంది. ఒకసారి రాగలవా?"

అతను అప్పటికే లేచి నిలబడి, చేతిలోకి సంచీ తీసుకున్నాడు. పక్క కుర్చీలోంచి సింహాచలం తలెత్తాడు.

"ఎక్కడికి? వెళ్తే నకిలీ కింద లెక్క. ఈసారి సంతకం చేసినాయనే ఆ ఉత్తర్వు కొట్టేస్తాడు. ఇంటిదాన్ని అడిగే బయల్దేరుతున్నావా?"

గవర్రాజు నిలబడిపోయాడు. దేవుడి గూట్లో పటం కళ్ళముందు కదిలింది. ఫోనులో ఆండాళ్ళమ్మ గారు "హలో, హలో" అంటున్నారు. అతను నెమ్మదిగా కూర్చున్నాడు. కిటికీలోంచి కనబడే స్తంభం వంక చూశాడు.

"చూద్దాం" అన్నాడు.

ఈసారి అండి రాలేదు. అవతల ఆండాళ్ళమ్మ గారు, "అయితే పర్మినెంటయిపోయావన్నమాట. సంతోషం నాయనా" అన్నారు. ఆవిడ మనస్ఫూర్తిగానే అన్నారు. "ఇబ్బందేం లేదులే, విసనకర్ర ఉంది" అని ఫోను పెట్టేశారు.

గవర్రాజు లేచి వెళ్ళి ఫ్యాను కట్టేశాడు. చెమటలు పట్టినా అలాగే కూర్చున్నాడు.

సింహాచలం లేచి వెళ్ళి మళ్ళీ ఫ్యాను వేశాడు.

"కొత్తలో నేనూ కట్టేసుకునేవాణ్ణి" అన్నాడు, స్తంభం వంక చూస్తూ.